కలిసి నేర్చుకునే సైటుకు ఏ సాఫ్ట్‌వేర్?

ఒక డిగ్రీ కళాశాల కావచ్చు, నాలుగు మండలాల ఉపాధ్యాయుల బృందం కావచ్చు, అమెరికాలో పిల్లలకు తెలుగు నేర్పే సంఘం కావచ్చు. ఆన్‌లైన్‌లో చదువు చెప్పాలనుకోగానే ముందు తలెత్తే ప్రశ్న ఒకటే: సైటు దేనిమీద కట్టాలి? తెలిసినవాళ్లను అడిగితే ఒకరు వర్డ్‌ప్రెస్ అంటారు, ఇంకొకరు మూడుల్ అంటారు, మరొకరు గూగుల్ క్లాస్‌రూమ్ ఉండగా ఈ తంటా ఎందుకంటారు. ముగ్గురూ తమ అనుభవం మేరకు సరిగానే చెబుతారు. చిక్కల్లా, ముగ్గురూ మనసులో పెట్టుకున్న సైట్లు వేరు వేరు.

పాఠాలు, వీడియోలు పెట్టి చదువుకోమనే సైటుకు ఏ కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ (సీఎంఎస్) అయినా సరిపోతుంది. నేర్చుకునేవాళ్లు తమలో తాము చర్చించుకుంటూ, కలిసి రాస్తూ, ఒకరి పని ఒకరు దిద్దుకుంటూ ముందుకు పోవాలంటే మాత్రం అభ్యర్థుల జాబితా చాలా చిన్నదవుతుంది. ఈ సమీక్ష ఆ రెండో రకం సైటు గురించి. ఎంపికను తేల్చవలసినవి రెండు ప్రశ్నలని నా వాదన. విద్యార్థులు కలిసి చేసే పని ఏది? అయిదేళ్ల తర్వాత ఈ సైటును ఎవరు చూసుకుంటారు? సౌకర్యాల పట్టికలు ఈ రెండింటి తర్వాతే.

రెండు వంశాలు

కంప్యూటర్ మీద కలిసి చదువుకోవడం ఇంటర్నెట్‌తో పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1960లో మొదలైన ప్లేటో వ్యవస్థ పాఠాలు చెప్పడానికే తయారైంది. 1973లో దానికి నోట్స్ అనే చర్చావేదిక తోడయ్యాక వాడుకరులు అక్కడే కబుర్లాడుకోవడం మొదలుపెట్టారు. 1980లలో టొరంటోలో మార్లీన్ స్కార్డమాలియా, కార్ల్ బెరైటర్ మరో అడుగు వేశారు. పిల్లలు తమ ప్రశ్నలను, ఊహలను అందరికీ కనిపించే ఉమ్మడి నిల్వలో రాయాలి, ఇతరులు వాటి మీద కట్టుకుంటూ పోవాలి. సిజైల్ అనే ఆ వ్యవస్థే తర్వాత నాలెడ్జ్ ఫోరమ్ అయింది. 1995లో వార్డ్ కనింగ్‌హామ్ తొలి వికీని పెట్టాడు. చదివేవాడే దిద్దవచ్చన్నది అక్కడి సూత్రం.

మరో వంశం తరగతి గదిని యథాతథంగా తెరమీదికి తెచ్చింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ముర్రే గోల్డ్‌బర్గ్ తయారుచేసిన వెబ్‌సీటీ, 1997లో పుట్టిన బ్లాక్‌బోర్డ్ ఈ కోవకు చెందినవి. ఉపాధ్యాయుడు పెడతాడు, విద్యార్థి తీసుకుంటాడు, పరీక్ష రాస్తాడు, మార్కులు పడతాయి. ఆస్ట్రేలియాలో పెర్త్ నగరంలోని కర్టిన్ విశ్వవిద్యాలయంలో వెబ్‌సీటీ నిర్వహణ చూసిన మార్టిన్ డుగియామస్‌కు ఈ పద్ధతి రుచించలేదు. మనుషులు ఇతరుల కోసం ఏదైనా తయారుచేస్తున్నప్పుడే బాగా నేర్చుకుంటారన్న సిద్ధాంతాన్ని పునాదిగా పెట్టుకుని అతడు 2002 ఆగస్టులో మూడుల్ తొలి పూర్తి రూపాన్ని విడుదల చేశాడు.

సాధారణ సీఎంఎస్‌లు ఈ రెండు వంశాల్లోనూ లేవు. 2001లో వచ్చిన ద్రూపల్, 2003లో మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ మొదలుపెట్టిన వర్డ్‌ప్రెస్, 2005లో మాంబో నుంచి విడివడిన జూమ్లా ప్రచురణ కోసం ఎదిగినవి. వాటిలో రచయిత, సంపాదకుడు, పాఠకుడు ఉంటారు. విద్యార్థి, జట్టు, గడువు, మార్కు అనేవి ప్లగిన్ల రూపంలో తర్వాత వచ్చి చేరాయి. ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కడ సులువుగా నడుస్తుందో, ఎక్కడ మొరాయిస్తుందో దాని పుట్టుకలోనే చాలావరకు తేలిపోతుంది.

కలిసి చేసే పని ఏది?

కలిసి నేర్చుకోవడం అన్న మాట కింద కనీసం అయిదు పనులున్నాయి. ఒక ప్రశ్న మీద చర్చించడం. ఒకే వ్యాసాన్ని నలుగురు కలిసి రాయడం. తోటివారి పనిని కొలమానం ప్రకారం దిద్దడం. తరగతి అంతా కలిసి ఒక సేకరణ తయారుచేయడం, ఉదాహరణకు తమ ఊళ్లలోని సామెతలో, వ్యవసాయ పనిముట్ల పేర్లో పోగుచేయడం. చిన్న జట్లుగా విడిపోయి ప్రాజెక్టు పూర్తిచేయడం. ఈ అయిదింటికీ కావలసిన సదుపాయాలు వేరు. చర్చకు ఎవరు ఎవరికి బదులిచ్చారో తెలిసే దారాలు కావాలి. సహరచనకు ఎవరు ఏ వాక్యం మార్చారో చూపే చరిత్ర కావాలి. పరస్పరం దిద్దుకోవడానికి పేర్లు దాచి పత్రాలు పంచే ఏర్పాటు కావాలి. సేకరణకు అందరూ ఒకే నమూనాలో నింపే పత్రం, జట్టు పనికి ఆ జట్టుకు మాత్రమే తెరుచుకునే గది కావాలి.

సదుపాయం పెడితే పని దానంతటదే జరగదని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. క్రైన్స్, కిర్ష్‌నర్, యోఖెమ్స్ అనే ముగ్గురు 2003లో రాసిన పత్రం ఈ రంగంలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. మాట్లాడుకునే వీలుంది కాబట్టి మాట్లాడుకుంటారని నమ్మడం వాళ్లు చూపిన మొదటి గొయ్యి. పరిచయం, నమ్మకం, సరదా వంటివాటికి చోటివ్వకుండా అంతా చదువు విషయాలకే పరిమితం చేయడం రెండోది. కొత్త సైటు చర్చావేదికలో ‘స్వాగతం’ అన్న ఒక్క సందేశం తర్వాత ఏడాదిపాటు నిశ్శబ్దం ఉండటానికి కారణం సాధారణంగా సాఫ్ట్‌వేర్ లోపం కాదు. చర్చించకపోయినా గడిచిపోయేలా పాఠం ఉండటమే కారణం.

గొప్ప వేదిక కంటే పాఠం తీరే ముఖ్యమనడానికి తిరుగులేని ఉదాహరణ 2008లో కెనడాలోని మనిటోబా విశ్వవిద్యాలయం తరఫున జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ నడిపిన కోర్సు. ఫీజు కట్టి చేరినవాళ్లు పాతికమంది, ఉచితంగా తోడైనవాళ్లు 2 వేలకు పైనే. పాల్గొన్నవాళ్లు ఎవరికి వీలైన చోట వాళ్లు రాసుకుంటే, ఆ రాతలన్నిటినీ రోజువారీ లేఖగా కూర్చి అందరికీ పంపేవారు. మూక్ అన్న పేరు ఆ ప్రయోగం నుంచే వచ్చింది. ఒకే గొప్ప వేదిక లేకుండానే అంత పెద్ద సమూహం కలిసి నేర్చుకోగలిగింది. కానీ అందులో ఉన్నవాళ్లు చాలావరకు ముందే చదువుకున్న పెద్దలు, దారి వెతుక్కోగలవాళ్లు. ఇంటర్ చదివే పిల్లలను అలా పది చోట్లకు తిప్పితే సగం మంది దారిలోనే ఆగిపోతారు. వాళ్లకు ఒకే గుమ్మం, ఒకే పాస్‌వర్డ్ కావాలి.

మూడుల్: తరగతి నడిపేవారికి

తరగతి, గడువు, మార్కులు ఉన్నచోట సహకార పనులకు ఇప్పటికీ అందరికంటే ఎక్కువ సరంజామా మూడుల్ దగ్గరే ఉంది. చర్చావేదిక, వికీ, పదకోశం, డేటాబేస్, వర్క్‌షాప్ అనే పనులు దానితోపాటే వస్తాయి. ఇందులో వర్క్‌షాప్ ప్రత్యేకమైనది. విద్యార్థులు పత్రాలు సమర్పించడం, సాఫ్ట్‌వేర్ వాటిని తోటివారికి పంచడం, వాళ్లు కొలమానం ప్రకారం దిద్దడం దశలవారీగా జరుగుతాయి. పత్రానికి ఒక మార్కు, దిద్దిన తీరుకు మరో మార్కు వేయవచ్చు. నిర్లక్ష్యంగా దిద్దితే నష్టం తనకే అని తెలిసిన విద్యార్థి శ్రద్ధ పెడతాడు. పదకోశాన్ని విద్యార్థులే నింపేలా పెడితే అది ఉమ్మడి నిఘంటువు అవుతుంది. జట్లను ఒకరికొకరు కనిపించేలానో కనిపించకుండానో నడపవచ్చు.

దాని కష్టాలూ చిన్నవి కావు. ప్రతిదానికీ పెద్ద అమరికల పేజీ, అందులో అర్థం కాని గడులు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 4.0తో రూపం మెరుగుపడినా, కొత్త ఉపాధ్యాయుడికి శిక్షణ తప్పదు. మూడుల్‌లో ఉన్న వికీ పేరుకే వికీ, పెద్ద సహరచనకు అది ఆనదు. చవక షేర్డ్ హోస్టింగ్ మీద పెట్టి, ఒకే నిమిషంలో తరగతి మొత్తం పరీక్ష తెరిస్తే సర్వర్ చతికిలబడుతుంది. తెర వెనక క్రమం తప్పకుండా నడవవలసిన క్రాన్ అనే పనిని అమర్చకపోతే ఈమెయిళ్లు పోవు, గడువు గుర్తుచేసే సందేశాలు రావు. మూడుల్ పనిచేయడం లేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంటుంది.

ఇదే కుటుంబంలో కాన్వాస్ చూపుకు ఇంపుగా, వాడుకకు తేలికగా ఉంటుంది. దాని మూలకోడ్ 2011 నుంచి బహిరంగంగా ఉన్నా, సొంత సర్వర్ మీద నడపడానికి మంచి నైపుణ్యం కావాలి. మిషిగన్, ఇండియానా, ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్ కలిసి మొదలుపెట్టిన సకాయ్ పెద్ద విశ్వవిద్యాలయాల కోసం పుట్టింది. చిన్న సంస్థ దాని జోలికి పోనక్కర్లేదు.

ఓపెన్ ఎడ్‌ఎక్స్ సంగతి వేరు. హార్వర్డ్, ఎంఐటీ 2012లో పెట్టిన ఎడ్‌ఎక్స్ తన కోడ్‌ను 2013 జూన్‌లో బహిరంగం చేసింది. మన దేశంలో ఐఐటీ బొంబాయి తన ఆన్‌లైన్ కోర్సులకు దీన్నే ఎంచుకుంది. వేలమందికి ఒకేసారి వీడియో పాఠం, అభ్యాసం, పరీక్ష ఇవ్వడంలో అది దిట్ట. తోటివారు దిద్దే వ్యాసాలు, చర్చలు ఉన్నాయి కానీ అల్లిక అంతా ఒక్కో విద్యార్థి తనంతట తాను ముందుకు సాగడం చుట్టూ ఉంటుంది. ట్యూటర్ అనే అమరిక పద్ధతితో స్థాపన సులభమైనా, కనీసం 4 జీబీ, మెరుగ్గా నడవాలంటే 8 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్ కావాలి. అరవైమంది తరగతికి దాన్ని పెట్టడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

వర్డ్‌ప్రెస్, ద్రూపల్: ప్రచురణ నుంచి చదువుకు

ప్రపంచంలోని వెబ్‌సైట్లలో దాదాపు అయిదింట రెండు వంతులు వర్డ్‌ప్రెస్ మీదే ఉన్నాయని అంచనా. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దాన్ని తెలిసిన కుర్రాడు దొరకడం కష్టం కాదు. చిన్న సంస్థకు ఇది పెద్ద బలం. లెర్న్‌డాష్, ట్యూటర్ ఎల్ఎంఎస్, లెర్న్‌ప్రెస్ వంటి ప్లగిన్లతో కోర్సులు, బడీప్రెస్‌తో సభ్యుల పేజీలు, గుంపులు వస్తాయి. రాతలు, బొమ్మలు ముఖ్యంగా ఉండి, చర్చ తోడుగా చాలనుకున్న సైటుకు ఇది హాయిగా సరిపోతుంది.

పేచీ ప్లగిన్ల మధ్య వస్తుంది. కోర్సు ఒకరిది, గుంపులు మరొకరివి, చెల్లింపు ఇంకొకరిది. ఒకటి అప్‌డేట్ అయితే మరొకటి విరుగుతుంది. కోర్సులోని జట్టుకూ బడీప్రెస్ గుంపుకూ లంకె వేయడానికి మూడో ప్లగిన్ కావాలి. ఒక ప్లగిన్‌లో కట్టిన కోర్సును మరో ప్లగిన్‌లోకి తరలించడానికి నమ్మదగిన దారి సాధారణంగా ఉండదు. 2024 సెప్టెంబరులో వర్డ్‌ప్రెస్ సహ స్థాపకుడికీ డబ్ల్యూపీ ఇంజిన్ అనే హోస్టింగ్ సంస్థకూ రేగిన గొడవ అందరికీ ఒక పాఠం. లక్షల సైట్లు వాడే ఒక ప్లగిన్, అధికారిక భాండాగారంలో రాత్రికి రాత్రి చేతులు మారింది. కోడ్ బహిరంగమైనా, అప్‌డేట్లు వచ్చే ద్వారం ఎవరి చేతిలో ఉందన్నది వేరే ప్రశ్న అని అప్పుడు చాలామందికి అర్థమైంది.

ద్రూపల్‌కు అనుమతుల విషయంలో సాటి లేదు. ఏ పాత్రధారి ఏ రకం పేజీలో ఏ గడి చూడాలో, ఏది మార్చాలో, అది ఎవరి ఆమోదంతో బయటికి రావాలో దారంత సన్నగా నిర్ణయించవచ్చు. అనేక పాఠశాలలు, ఒక్కోదానిలో అనేక గుంపులు, వాటి మధ్య సంపాదకవర్గం ఉన్న పెద్ద సైటుకు అది యోగ్యమైనది. కానీ 2015లో వచ్చిన 8వ రూపం లోపలి నిర్మాణాన్నే మార్చేసింది. 7వ రూపంలో కట్టిన సైట్లు పైకి రావాలంటే దాదాపు మళ్లీ కట్టుకోవలసి వచ్చింది. ఆ భారం చూసే 7కు మద్దతు ముగింపును పలుమార్లు వాయిదా వేసి, చివరకు 2025 జనవరి 5న ఆపారు. జీతమిచ్చే డెవలపర్ లేని సంస్థకు ద్రూపల్ మీద కట్టిన సైటు తెల్ల ఏనుగే.

మీడియావికీ: కలిసి రాసేవారికి

సహరచనే ప్రధానమైతే వికీపీడియా నడిచే మీడియావికీకి దీటైనది లేదు. ప్రతి మార్పూ పేరుతో, సమయంతో నమోదవుతుంది. రెండు కూర్పులను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు, చెడిపోతే వెనక్కి తిప్పవచ్చు. ప్రతి పేజీకి వెనక ఒక చర్చాపేజీ ఉంటుంది. జట్టులో ఎవరు రాశారు, ఎవరు చేతులు కట్టుకు కూర్చున్నారు అన్నది ఉపాధ్యాయుడు అడగనక్కర్లేదు, చరిత్రే చెబుతుంది. తెలుగులో ఈ పద్ధతి నడుస్తుందా అన్న సందేహానికి 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియానే జవాబు. స్వచ్ఛందంగా రాసేవాళ్లే దాన్ని లక్ష వ్యాసాలు దాటించారు. సభ్యులందరూ విధివిధానాలు మాట్లాడుకునే చోటుకు అక్కడ రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు.

మీడియావికీలో మార్కుల పుస్తకం లేదు, గడువు లేదు, హాజరు లేదు. పేజీలను కొందరికే చూపే పని దానికి స్వభావసిద్ధం కాదని దాన్ని తయారుచేసినవాళ్లే హెచ్చరిస్తారు. అందుకని రహస్యంగా ఉండవలసిన విద్యార్థి వివరాలు అందులో పెట్టకూడదు. మూడుల్‌లో తరగతి, మీడియావికీలో రాత అని రెండింటినీ పక్కపక్కన నడిపితే ఈ లోటు చాలావరకు తీరుతుంది.

అద్దె ఇళ్లు

గూగుల్ క్లాస్‌రూమ్ 2014లో వచ్చింది. పాఠశాల ఖాతాలుంటే అరగంటలో తరగతి నడుస్తుంది. కలిసి రాయడానికి గూగుల్ డాక్స్ కంటే సులువైనది లేదు. ఒక ఏడాది కోర్సుకు, అప్పటికప్పుడు అవసరానికి ఇది తెలివైన ఎంపికే. ఏళ్ల తరబడి పోగయ్యే సామూహిక కృషికి మాత్రం అద్దె ఇల్లు నమ్మదగింది కాదు. ఉపాధ్యాయులు తరగతి వికీల కోసం విరివిగా వాడిన వికీస్పేసెస్ 2018లో మూతపడటం మొదలుపెట్టింది. పాఠశాలల సామాజిక వేదికగా పేరొందిన ఎడ్‌మోడో 2022 సెప్టెంబరులో ఆగిపోయింది. ఇలాంటప్పుడు పాఠాల ఫైళ్లు దించుకున్నా, చర్చలను, వాటి క్రమాన్ని కాపాడుకోవడం కష్టం.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. ఎడ్‌ఎక్స్ సైటును 2021లో 80 కోట్ల డాలర్లకు కొన్న 2యూ సంస్థ 2024లో దివాలా రక్షణ కోరింది. ఓపెన్ ఎడ్‌ఎక్స్ కోడ్ మాత్రం బహిరంగ లైసెన్సు కింద, వేరే లాభాపేక్ష లేని సంస్థ సంరక్షణలో కొనసాగుతోంది. కంపెనీ తలకిందులైనా కోర్సులు నడిపేవాళ్ల సర్వర్లు ఆగలేదు.

ప్రభుత్వ వేదికల్లో 2017 సెప్టెంబరు 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించిన దీక్షను ఇక్కడ చెప్పుకోవాలి. ఎక్‌స్టెప్ ఫౌండేషన్ తయారుచేసిన సన్‌బర్డ్ అనే బహిరంగ సాఫ్ట్‌వేర్ దానికి ఆధారం. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ నుంచి వీడియోకు చేర్చడంలో, ఉపాధ్యాయ శిక్షణలో అది పెద్ద పనే చేసింది. విద్యార్థులు కలిసి ఏదైనా తయారుచేసే చోటుగా దాన్ని తీర్చలేదు. ఇంటర్నెట్ అందని బడులకు లెర్నింగ్ ఈక్వాలిటీ సంస్థ తయారుచేసిన కొలిబ్రి పనికొస్తుంది. బడిలోని ఒక చిన్న కంప్యూటర్ నుంచే గది మొత్తానికి పాఠాలు అందుతాయి. కలిసి చేసే పని అక్కడ ఉపాధ్యాయుడి చేతుల మీదుగా, గదిలోనే జరగాలి.

ఒక విశ్వవిద్యాలయం తీర్పు

ఈ ఎంపికను పెద్ద ఎత్తున, కళ్లు తెరిచి చేసిన సంస్థల్లో బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ ఒకటి. 1990ల నుంచి అక్కడ ఫస్ట్‌క్లాస్ అనే వాణిజ్య వ్యవస్థ మీద వేలమంది విద్యార్థులు చర్చించుకునేవారు. 2005లో కొత్త వేదిక ఎంచుకోవలసి వచ్చినప్పుడు మూడుల్‌ను తీసుకున్నారు. కార్యక్రమానికి కేటాయించింది సుమారు 50 లక్షల పౌండ్లు. సాఫ్ట్‌వేర్ ఉచితం. డబ్బంతా మనుషులకు, తమ అవసరాలకు తగ్గట్టు మార్చుకోవడానికి, పాత వ్యవస్థలతో కలపడానికి పోయింది. మూడుల్ చర్చావేదిక, వికీ తమ అలవాట్లకు చాలకపోతే ఫోరమ్ఎన్‌జీ, ఓయూ వికీ అనే సొంత రూపాలు రాసుకుని లోకానికి కూడా ఇచ్చారు. 2006లో మొదలైన వాళ్ల ఉచిత పాఠాల సైటు ఓపెన్‌లెర్న్ కూడా మూడుల్ మీదే కట్టారు.

మన దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన దగ్గరే పుట్టింది, ఇప్పటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దూరవిద్య మనకు కొత్త కాదు. దూరాన ఉన్న విద్యార్థులను ఒకరితో ఒకరిని కలపడం ఇంకా కొత్తే. బ్రిటన్ అనుభవంలో మనం గమనించవలసింది పౌండ్ల లెక్క కాదు, మార్చుకునే హక్కున్న సాఫ్ట్‌వేర్‌ను ఎంచి, మార్చే మనుషులను కూడా పెట్టుకోవడం.

తెలుగు పెడితే తెలిసే సంగతులు

ఏ సీఎంఎస్ అయినా తెలుగు చూపిస్తుంది. తెలుగుతో పనిచేస్తుందా అన్నది పరీక్షించి చూసుకోవాలి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. అదే లింకులోకి వెళ్తే ఒక్కోటి 9 గుర్తులవుతుంది. ‘తెలుగు’ అన్న చిన్న మాటే 54 గుర్తులు. వర్డ్‌ప్రెస్ లింకులో శీర్షికకు 200 గుర్తులే చోటు, అంటే సుమారు 22 తెలుగు సంకేతాలు. పొడుగు శీర్షికల లింకులు మధ్యలో తెగి, ఒకే మొదలున్న పాఠాలన్నీ చివర అంకెలతో మాత్రమే తేడా పడతాయి. లింకును చిన్న ఇంగ్లిషు మాటతోనో అంకెతోనో పెట్టే నియమం మొదటిరోజే చేసుకోవాలి. పాత మైఎస్‌క్యూఎల్ పట్టికల్లో తెలుగు బాగానే నిలుస్తుంది, 4 బైట్లు కావలసిన ఎమోజీ దగ్గర సందేశం విరుగుతుంది. కాబట్టి డేటాబేస్ యూటీఎఫ్8ఎంబీ4లో ఉందో లేదో చూడాలి.

వెతుకులాట ఇంకా పెద్ద సమస్య. ‘పాఠం’ అని వెతికితే ‘పాఠానికి’, ‘పాఠాలు’ దొరకవు, మన విభక్తులు ఈ వెతుకు యంత్రాలకు తెలియవు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో కనిపించని విడదీత గుర్తు ఒకరు పెట్టి మరొకరు పెట్టకపోతే అవి రెండు వేర్వేరు మాటలుగా లెక్క. అందుకే తెలుగు సైటుకు వెతుకు పెట్టె మీద భరోసా తగ్గించి, విషయాల వారీగా వర్గాలు, పదసూచిక ఉంచడం మేలు. పాత పాఠాలు యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఉంటే నేరుగా అతికించలేం, యూనికోడ్‌లోకి మార్చి, ఒకరు కూర్చుని దిద్దాలి. ఈ పనికి పట్టే కాలం సైటు కట్టే కాలం కంటే ఎక్కువే కావచ్చు. ధ్రువపత్రాల సంగతి చివర్లో బయటపడుతుంది. మూడుల్‌లో పీడీఎఫ్ తయారుచేసే టీసీపీడీఎఫ్ తెలుగు ఒత్తులను సరిగా కూర్చలేదు, ‘లక్ష్మి’, ‘కృష్ణ’ వంటి పేర్లు చెదిరిపోతాయి. సైటు ఖరారు చేసేముందే అలాంటి పేర్లతో ఒక పత్రం ముద్రించి చూడాలి.

ఇక మనుషుల అలవాటు. మన విద్యార్థుల్లో చాలామంది ఈమెయిల్ తెరవరు, వాట్సాప్ వదలరు. ఈ సీఎంఎస్‌లన్నీ ఈమెయిల్‌నే నమ్ముకుని పుట్టాయి. ఫోన్ నంబరుతో లోపలికి రానివ్వాలంటే ఎస్ఎంఎస్ పంపాలి, అందుకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం పంపేవారి పేరు, సందేశ నమూనా ముందే నమోదు చేసుకోవాలి. వాట్సాప్‌తో పోటీ పడటం వృథా. అక్కడ కబురు, సైటులో పని అని పంచుకోవాలి. గడువు గుర్తుచేసే సందేశం వాట్సాప్‌లో వెళ్లవచ్చు. చర్చ, దిద్దుబాటు మాత్రం వచ్చే ఏడాది విద్యార్థులకు కూడా కనిపించే చోట ఉండాలి. ఫోన్ తెర మీద, నెమ్మది నెట్‌తో, తెలుగు కీబోర్డుతో ఒక సమాధానం రాసి పంపడం ఎంత తేలికో చూడకుండా ఏ సాఫ్ట్‌వేర్‌నూ ఖాయం చేయకూడదు.

చట్టం, సంరక్షణ

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపువారంతా పిల్లలే. వారి వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల నిర్ధారిత సమ్మతి కావాలి, వారి ప్రవర్తనను వెంబడించడం కూడదు. విద్యాసంస్థలకు పరిమిత మినహాయింపులు ఉన్నా, బయటి ప్లగిన్లు, ప్రకటన ట్రాకర్లు ఉన్న సైటు చిక్కులో పడగలదు. ఐరోపా డేటా పరిరక్షణ చట్టం ఒత్తిడితో మూడుల్, వర్డ్‌ప్రెస్ రెండూ 2018లోనే ఒక వ్యక్తి వివరాలను బయటికి తీసి ఇచ్చే, తుడిచేసే సాధనాలు చేర్చుకున్నాయి. ఎంపికలో ఇది ఒక మార్కు. వికలాంగుల హక్కుల చట్టం 2016 దృష్ట్యా తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో సైటు నడుస్తుందో లేదో చూడటం మరో మార్కు.

బయటికి వెళ్లే దారి గురించి లోపలికి వచ్చేటప్పుడే అడగాలి. పాఠాలకు స్కార్మ్, కామన్ కార్ట్రిడ్జ్ వంటి ప్రమాణాలు ఉన్నాయి. బయటి పరికరాన్ని తరగతిలో అమర్చడానికి ఎల్‌టీఐ ఉంది. చర్చలకు, సహరచనలకు అలాంటి ప్రమాణం ఏదీ స్థిరపడలేదు. కలిసి చేసిన పనే అన్నిటికంటే విలువైనది, దాన్నే తరలించడం అన్నిటికంటే కష్టం. కాబట్టి డేటాబేస్ బ్యాకప్ సంస్థ చేతిలోనే ఉండాలి. డొమైన్ పేరు, సర్వర్ పాస్‌వర్డ్ కట్టిచ్చిన వ్యక్తి పేరున కాక సంస్థ పేరున ఉండాలి. ఆర్నెల్లకోసారి బ్యాకప్‌ను వేరే చోట తెరిచి చూడాలి.

తీర్పు

మార్కులు, గడువులు ఉన్న తరగతికి, జట్టు పనులకు, తోటివారు దిద్దే వ్యాసాలకు మూడుల్ తీసుకోండి. నెలకు కొన్ని గంటలు సర్వర్ చూసే మనిషి, ఉపాధ్యాయులకు శిక్షణ దానికి షరతులు. కలిసి గ్రంథం, విజ్ఞాన సేకరణ, స్థానిక చరిత్ర రాయడమే చదువైతే మీడియావికీ. పాఠాలు ప్రధానం, చర్చ కొద్దిగా, సాంకేతిక సాయం అంతకంటే కొద్దిగా అయితే వర్డ్‌ప్రెస్, అదీ వీలైనన్ని తక్కువ ప్లగిన్లతో. వేలమందికి ఒకేసారి చెప్పాలంటే ఓపెన్ ఎడ్‌ఎక్స్. సొంత డెవలపర్లు, చిక్కైన అనుమతులు రెండూ ఉంటేనే ద్రూపల్. ఒక్క ఏడాది కోర్సుకు గూగుల్ క్లాస్‌రూమ్ చాలు, ఏడాది చివర అంతా దించుకోవడం మరవకుండా.

రెండింటి మధ్య తేల్చుకోలేకపోతే సౌకర్యాలు తక్కువున్నదాన్నే ఎంచుకోండి. ఒక్క తరగతితో, ఒక్క ఉమ్మడి పనితో, ఒక్క నెల నడపండి. ఆ నెలలో విద్యార్థులు ఒకరికొకరు బదులిచ్చుకుంటే సైటు పెంచండి. ఇవ్వకపోతే మార్చవలసింది పాఠం, సాఫ్ట్‌వేర్ జోలికి తర్వాత వెళ్లవచ్చు.